పలక మీద గొంతు

"ఏం కలిపావే ఆయన గ్లాసులో?"

అగస్టా అరుపుకు వాకిట్లో బండి గుర్రం కూడా బెదిరింది. చెల్లెలు డోర్కస్ చేతిలో ఖాళీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"రోజూ కలిపేదే అక్కా. షెర్రీ ద్రాక్షసారాలో పచ్చిగుడ్డు. గొంతుకు మంచిదని నువ్వేగా చెప్పావు?"

"అది తాగాకే ఆయనకు మాట పడిపోయింది! సాయంత్రం బ్రిస్టల్‌లో హాలు నిండా జనం. విట్‌కూంబ్ గారింట్లో విందు. ఎవరికి చెప్పుకోను?"

రచయిత అయిన భర్త జొసాయా తన నవలను ఏ ఊళ్ళో జనానికి చదివి వినిపించాలో, ఏ మిత్రుడింట్లో దిగాలో అన్నీ ఆమే కుదిర్చింది. నిరుటి చలికాలం జ్వరంతో పోయిన తమ కొడుకు టోబీ చావును అతను ఆ నవలలో పెట్టాడు. ఆ ఘట్టం చదివితే హాళ్ళు హాళ్ళే ఏడ్చేవి. ఆ భర్త ఇప్పుడు మెడకు శాలువా చుట్టుకుని, టోబీ పలక మీద 'మాట రావడం లేదు' అని రాసి చూపిస్తున్నాడు.

"మొగుడు పోయి వస్తే నీడ ఇచ్చాను. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"వంటింట్లోంచి తల ఎత్తనిస్తేగా, వాసాలు కనబడ్డానికి! బావగారి చేత ఆ చావు చదివించొద్దన్నాను, నిజమే. నోటితోనే అన్నాను. గ్లాసులో కలపలేదు."

"చదవాలి! ఊళ్ళకు ఊళ్ళు నా బిడ్డ కోసం ఏడవాలి. నేనొక్కదాన్నే ఎంతకాలం ఏడవను? బండి ఎలాగూ వచ్చింది, నువ్వెక్కు. మళ్ళీ ఈ గడప తొక్కకు."

డోర్కస్ టోపీ పెట్టుకుంది. రిబ్బను ముడి వేయకుండానే వదిలేసింది.

"మీరైనా ఒక్క ముక్క రాయండి, బావగారూ."

జొసాయా బలపం కదపలేదు. పలక చట్రం మీద టోబీ గీసుకున్న పేరును బొటనవేలితో తడుముతున్నాడు. డోర్కస్ గడప దాటింది.

"ఆగమ్మా."

హాల్లో చివరి బెంచీ దాకా వినిపించే జొసాయా గొంతు. అగస్టా గిరుక్కున తిరిగింది.

"గ్లాసులో ఏమీ లేదు. నా గొంతుకేమీ కాలేదు."

"నాటకమా? నా చెల్లెల్ని గెంటేస్తుంటే గుడ్లప్పగించి చూశారా?"

"చూశాను. పిరికివాణ్ణి." అతను పలక పక్కన పెట్టాడు. "వాడు ఒక్కసారే పోయాడు, అగస్టా. ఆ తర్వాత ఊరికోసారి, దీపాల ముందు, చప్పట్ల కోసం..."

"వద్దు, అనకండి!" ఆమె చేత్తో అతని నోరు మూసింది. వేళ్ళ మీద అతని కన్నీళ్ళు పడ్డాయి. ఏ హాల్లోనూ అతను ఏడవలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి దానంతటదే జారింది.

"వాణ్ణి చంపుతున్నది నేనే," అన్నాడు జొసాయా.

"మీరొక్కరే కాదు," అంది అగస్టా. "ఊళ్ళు కుదిర్చింది నేను."