పసుపు చిమ్మటకి పెట్టిన పేరు

విల్బెర్త్ వానలో తడిసి ముద్దయి వచ్చాడు. చొక్కా లోపల దాచిన కవరు మాత్రం పొడిగానే ఉంది. కుశలప్రశ్నలైనా లేకుండా దాన్ని యోర్లేని చేతిలో పెట్టాడు.

గ్వానకాస్తే అడవి అంచున ఈ రేకుల షెడ్డులో గొంగళిపురుగుల్ని ప్లాస్టిక్ సంచుల్లో పెంచి, చిమ్మటలయ్యాక సాన్ హొసే మ్యూజియానికి పంపడం యోర్లేని ఉద్యోగం. వాటిని పోల్చి చూసి పేర్లు పెట్టడం విల్బెర్త్ ఉద్యోగం. ఫోన్లో పోట్లాడుకోవడం ఇద్దరికీ అదనపు ఉద్యోగం.

కవర్లో శుక్రవారం పత్రికలో అచ్చు కాబోయే పరిశోధన పేపరుంది. విల్బెర్త్ రాసిన మొదటి పేపరు. పైన గోరంత చిమ్మట ఫొటో: పసుపు రెక్కలు, అంచున రెండు గోధుమ గీతలు, నడుమ ఆవగింజంత మచ్చ. కొత్త జాతి. దానికి యోర్లేని పేరే పెట్టాడు. ఈ సంగతి యోర్లేని ఫోన్లో విన్న రోజే, ఆమె తల్లి దోన్యా ఎవులాలియా చర్చి మొత్తానికీ చాటేసింది.

యోర్లేని ఆ ఫొటో చూసి పేపరు బల్ల మీద పెట్టేసింది.

"నచ్చలేదా?" అన్నాడు.

"నచ్చింది. అందుకే ఏడుపొస్తోంది. కూర్చోండి."

తీగకి వేలాడే సంచుల్లోంచి ఒకటి దించింది. ఒక్క తల్లి పెట్టిన గుడ్ల నుంచి పెరిగిన పంతొమ్మిది చిమ్మటలు పొద్దున్నే గూళ్లలోంచి బయటికొచ్చాయి. పదకొండు పసుపువి. మిగతా ఎనిమిదీ మట్టిరంగువి, వందేళ్ల కిందటే ఎవరో వేరే జాతిగా లెక్కగట్టి పేరు పెట్టినవి.

సంచులు కలిసిపోయి ఉంటాయన్నాడు విల్బెర్త్. మొదటిసారి తనూ అలాగే అనుకుని తనని తానే తిట్టుకున్నానని, ఇంకో తల్లిని పట్టి విడిగా మళ్లీ పెంచానని, ఈ పంతొమ్మిదీ ఆ రెండో తల్లి పిల్లలేనని చెప్పింది.

"పసుపువి మగవి, మట్టిరంగువి ఆడవి. రెండూ ఒకటే జాతి. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది కదా?"

సంచి దించకుండా ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. పొద్దుట్నుంచీ ఆ ఆశ ఆమెని పీక్కుతింటూనే ఉంది.

అతను గంటసేపు భూతద్దంలోంచి తల ఎత్తలేదు. తర్వాత పత్రికవాళ్లకి ఫోన్ చేసి పేపరు ఆపేయమన్నాడు.

"కోపమొచ్చిందా?"

"అచ్చయ్యాక ఇంకెవరో పట్టుకుని ఉంటే నలుగురిలో నవ్వులపాలయ్యేవాణ్ణి. మీ పేరు పోగొట్టుకుని నా పరువు కాపాడారు. ఈ మేలు మరిచిపోలేను."

అతని కళ్లు చెమర్చాయి. ఆమె చటుక్కున తువ్వాలు అందించి, తల తుడుచుకోమంది.

తుడుచుకుంటూనే అసలు సంగతి బయటపెట్టాడు. మ్యూజియంలో చిమ్మటని గుచ్చిన ప్రతి సూది కిందా పెంచినవాళ్ల పేరు రాసిన చీటీ ఉంటుంది. రెండు వేల మూడు వందల చీటీల మీద యోర్లేని పేరుంది. పని లేకపోయినా సొరుగులు తెరిచి అవి చదువుకుంటాడట. చూసి చూసి వాళ్ల బాసు, ఆ అమ్మాయినే పెళ్లి చేసుకోరాదా అని విసుక్కున్నాడట.

"మీరేమన్నారు?"

"అడగడానికి ముందు ఒక కానుక ఇవ్వాలన్నాను. అదే ఈ చిమ్మట. ఇప్పుడు అదీ లేదు. ఒట్టి చేతులతోనే అడుగుతున్నాను."

రేకుల మీద వాన హోరెత్తింది. ఆరేళ్లుగా ఆమె పంపిన సంచుల్ని మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమె మాట నమ్మి తన పేపరు ఆపుకున్నవాడు ఇతనొక్కడే. ఆమె లేచింది. అతని చేయి పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికి?"

"అమ్మ దగ్గరికి. పేరు పోయిన సంగతి మీరు చెప్పండి. రెండో సంగతి నేను చెబుతాను."