సౌభాగ్యం మద్రాసు చూసిన రోజు

సత్రం పెరట్లో కొళాయి దగ్గర ముఖం కడుక్కుని సౌభాగ్యం లోపలికి వచ్చేసరికి, అత్త తిమ్మమ్మ అరిటాకుల్లో పులుసన్నం పొట్లాలు కడుతోంది. ఆమె ఆ రోజు పసుపుపచ్చ చీర కట్టుకుంది. అది చూడగానే సౌభాగ్యానికి ప్రాణం లేచి వచ్చింది. ఆ రంగు ఎంత గుంపులోనైనా కనబడుతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది అది. మామ ఓబప్పకు ధర్మపురి పెద్ద బజారులో చింతపండు, బెల్లం మండీ ఉంది. వ్యాపారం పని మీద మద్రాసు వస్తూ, ఈసారి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొచ్చాడు. నిన్న మొరప్పూరులో రైలెక్కి సాయంత్రానికి సెంట్రల్ స్టేషనులో దిగారు. ఆయన పని నిన్న రాత్రికే ముగిసింది. ఇవాళంతా ఊరు చూడటమే, కొనుక్కోవడమే.

“ఏమ్మే, జనం కూటంలో నా కొంగు వదిలిపెట్టొద్దు. ఇది మన ధర్మపురి సంత కాదు,” అంది తిమ్మమ్మ.

“సరి అత్తా.”

“నోటితో సరి అంటావు. మొన్న పాలకోడు పెద్దమ్మ ఎదురుగా వస్తే ఎవురో అన్నట్టు పోయినావు. ఓబప్ప కోడలికి తలపొగరని ఆమె ఊరంతా చెప్పుకునింది. ఏరియూరులో మీ పుట్టింట్లో ఇదేనా నేర్పించింది?”

సౌభాగ్యం తల వంచుకుని తన చంటిపిల్ల తాయారుకు గౌను తొడుగుతూ ఉండిపోయింది. పాలకోడు పెద్దమ్మను ఆమె చూడలేదు. చూడలేదంటే, కనబడలేదు. చేతికి అందే దూరంలో ఉన్నది తప్ప ఆమెకు ఏదీ స్పష్టంగా కనిపించదు. అవతల ఉన్నవన్నీ నీళ్ళలో కలిపిన రంగుల్లా ఉంటాయి. చిన్నప్పటి నుంచీ అంతే. మనుషులను నడకను బట్టి, గొంతును బట్టి, కట్టిన చీరను బట్టి గుర్తుపట్టేది.

పెళ్ళయి ధర్మపురికి బండెక్కే రోజు తండ్రి ఆమెను పక్కకు పిలిచి, “ఈ మాట ఆడ ఎవురితోనూ అనొద్దు తల్లీ. గుడ్డిదని తిరిగి పంపిస్తే మనం ఏరియూరులో తలెత్తుకోలేం,” అన్నాడు. ఆమె ఎవరితోనూ అనలేదు. మొగుడు అంజప్పతో కూడా.

జట్కా కట్టించుకుని ముందు మ్యూజియానికి వెళ్ళారు. మద్రాసు జనం దాన్ని ‘సెత్త కాలేజు’ అంటారు, చచ్చిన కాలేజీ అని. జంతువుల తోట ‘ఉయిర్ కాలేజు’, బతికిన కాలేజీ. చచ్చిన కాలేజీ సౌభాగ్యానికి బాగానే ఉంది. రాతిబొమ్మలు కదలకుండా నిలబడతాయి, దగ్గరికి వెళ్ళి చూసుకోవచ్చు. చిక్కంతా బతికిన కాలేజీలో వచ్చింది.

“అదో పులి! ఎట్ల పండుకోనుండాదో చూడు!” అన్నాడు అంజప్ప, తాయారును భుజం మీదికి ఎత్తుకుని. పిల్ల కేరింతలు కొట్టింది. కటకటాల వెనుక సౌభాగ్యానికి చీకటి తప్ప ఏమీ లేదు. అందరూ నవ్వాక నవ్వడం, అందరూ అబ్బా అన్నాక అబ్బా అనడం ఆమెకు అలవాటే. పిల్ల కాలికి వదులైన కొలుసు సరిచేసి, మళ్ళీ బోను వైపు తలెత్తింది.

“చూసినావా?” అన్నాడు అంజప్ప.

“చూస్తానే ఉండా. ఎంత పెద్దది! పండుకునే ఉండాది, పావం.”

అంజప్ప ఆమె ముఖంలోకి వింతగా చూశాడు. ఆమె కొలుసు సరిచేసిన ఆ కాస్తసేపట్లోనే పులి లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయింది. బోను ఖాళీగా ఉంది. అతను ఏదో అనబోయి, అమ్మ పిలవడంతో ఆగిపోయాడు.

తోట పక్కనే మూర్ మార్కెట్టు. లోపల అడుగు పెట్టగానే సౌభాగ్యం చెవులు గింగుర్లెత్తాయి. గాజులు, ఇత్తడి చెంబులు, కొయ్యబొమ్మలు, పాత పుస్తకాలు, చిలకల పంజరాలు. కొనేవాళ్ళ అరుపు ఒకటైతే అమ్మేవాళ్ళ అరుపు రెండు. తాయారును చంకనెత్తుకుని, పసుపుపచ్చ చీరను పట్టుకుని నడిచింది. గాజుల అంగడి దగ్గర పిల్ల చెయ్యి చాచి ఏడిస్తే ఒక్క క్షణం వంగి సముదాయించింది. తల ఎత్తేసరికి పసుపుపచ్చ చీర ముందుకు వెళ్ళిపోతోంది. గబగబా వెంటపడింది. చీర మార్కెట్టు దాటింది, రోడ్డు దాటింది, ట్రాము ఎక్కింది. సౌభాగ్యమూ ఎక్కింది.

“ఎక్కడికి అత్తా, బీచికా?” అంటూ కొంగు పట్టుకుంది.

ఆ మనిషి వెనక్కి తిరిగింది. ఎవరో ముసలామె. అత్త కాదు.

ట్రాము గంట కొడుతూ కదిలిపోయింది. కండక్టరు వచ్చి ఎక్కడికమ్మా అని అరవంలో అడిగాడు. “నిలపండయ్యా, మా వాళ్ళు వెనకాల ఉండారు,” అని సౌభాగ్యం అరవంలోనే అరిచింది. తరువాతి మజిలీలో దింపాడు.

తెలియని ఊరు. కనిపించేదల్లా రంగులూ నీడలూ. పిల్ల ఏడుస్తోంది. ఒక్క నిమిషం ఆమెకూ ఏడుపు వచ్చింది. అప్పుడు కాళ్ళ కింద మెరుస్తున్న ఇనుప పట్టా కనబడింది. ట్రాము వచ్చిన దారి అదే కదా! కొంగు నడుముకు చుట్టి, పిల్లను గట్టిగా అదుముకుని, పట్టా వెంబడి వెనక్కి నడవసాగింది. గంట వినబడితే పక్కకు తప్పుకునేది. ట్రాము పోయాక మళ్ళీ పట్టా మీదికి వచ్చేది. ఎవరో తిట్టారు. ఎవరో నవ్వారు. ఆమె నేల మీది నుంచి చూపు తిప్పలేదు. చివరికి చిలకల అరుపులు వినబడ్డాయి.

మార్కెట్టు వాకిట్లో తిమ్మమ్మ గుండెలు బాదుకుంటోంది. ఓబప్ప ఒక దిక్కు, అంజప్ప ఒక దిక్కు వెతికి వచ్చారు. అంతలో కోడలు పిల్లతో సహా రోడ్డు దాటి వస్తూ కనబడింది. తిమ్మమ్మ రెండు చేతులూ చాచి నిలబడింది. సౌభాగ్యం ఆమె వైపే చూసింది. చూసి, పక్కనుంచి దాటి లోపలికి వెళ్ళబోయింది.

“ఏయ్!” అని తిమ్మమ్మ గర్జించింది. “కంబం మాదిరి నిలబడి ఉండాను! మొగం చూసి, నన్ను దాటుకోని పోతావా? పిల్లను ఎత్తుకోని ఊరు మీద పడి తిరిగొచ్చి, మాకే పొగరు చూపిస్తావా?”

చుట్టూ జనం చేరారు. అంజప్ప, “అమ్మా, మెల్లగా,” అన్నాడు.

“ఏంరా మెల్లగా? పెండ్లయినప్పటి నుంచి చూస్తానే ఉండా. చుట్టాలను పలకరించదు. నేను ఎదురొస్తే తల తిప్పుకుంటాది. మనమంటే లెక్క లేదురా దీనికి!”

అంజప్ప భార్య దగ్గరికి వచ్చాడు. “సౌభాగ్యం, నిజం చెప్పు. పొద్దున బోనులో పులి లేదు. లోపలికి పోయింది. నువ్వు చూస్తా ఉండానంటివి.”

ఆమెకు తండ్రి మాట గుర్తుకొచ్చింది. చంకలో ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పిల్ల కూడా ఉంది. ఆ రోడ్డు మీద పిల్లకేమైనా అయి ఉంటే?

“నాకు కనబడదు,” అంది. “పులీ కనబడలేదు, అత్తా కనబడలేదు. ఎవురిదో పసుపు చీర వెంటబడి తప్పిపోయినాను, మళ్ళీ ఆ రంగును నమ్మలేదు. చెయ్యి చాచినంత దూరం దాటితే నాకు మొగాలు ఉండవు. పుట్టినప్పటి నుంచి అంతే.”

తిమ్మమ్మ తల కొట్టుకుంది. “అయ్యో, మోసం! గుడ్డిదాన్ని కట్టబెట్టినారా మాకు!”

“గుడ్డిదాన్ని కాదత్తా!” సౌభాగ్యం గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “మీ ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరింది నేను. తాయారుకు ఈ గౌను కుట్టింది నేను. ఇప్పుడు ట్రాము పట్టా పట్టుకోని బిడ్డను క్షేమంగా తెచ్చినాను. మామ కండ్లద్దాలు పెట్టుకోని మండీలో కూర్చుంటే పెద్దమనిషి అంటారు. ఆడది కనబడదంటే గుడ్డిదా? కండ్లు ఉండాయి నాకు. వాటికి అద్దాలు కావాల, అంతే!”

ఓబప్ప తన కళ్ళజోడు తీసి కండువాతో తుడుస్తూ నేల చూశాడు.

తిమ్మమ్మ కోపం ఇంకా తగ్గలేదు గానీ, గొంతు మారింది. “అయితే ఏరియూరులో కూడా నన్ను చూడలేదా నువ్వు?”

“ఎప్పుడత్తా?”

“తాయారు పుట్టినప్పుడు. బండి కట్టించుకోని వచ్చినాను. మొగపిల్లోడు కావాలని నేనే శానాసార్లు అనుంటిని. ఆడపిల్లని భయపడతావేమోనని, ఏం కాదులేమ్మా అన్నట్టు గడపలో నిలబడి నీ తట్టు చూసి నవ్వినాను. నువ్వు చూసి మొగం గోడకు తిప్పుకుంటివి.” తిమ్మమ్మ కంట్లో నీళ్ళు నిండాయి. “ఆ పొద్దు నుంచే నా మనసు రాయి అయిపోయింది.”

సౌభాగ్యం పిల్లను ఒళ్ళో వేసుకుని అక్కడే నేల మీద కూర్చుంది. “నువ్వు ఒక మాట అంటావని కాచుకోనుంటిని. ఏమీ అనలేదు. ఆడపిల్లని నీకు కోపమనుకుంటిని. కోపం గొంతులో తెలుస్తాది. నవ్వుతా ఉంటే సద్దు రాదు కదత్తా. నాకెట్ల తెలుస్తాది?”

తిమ్మమ్మ ఒక్క అంగలో వచ్చి కోడలి తలను కడుపుకు అదుముకుంది. ఇద్దరూ బజారన్న సంగతే మరిచిపోయి ఏడ్చారు. ముందు తేరుకున్నది తిమ్మమ్మే. ముక్కు చీది, కొడుకు వైపు తిరిగింది.

“చూస్తా నిలబడినావేంరా? కండ్లద్దాల అంగడి ఎక్కడుండాదో అడుగు, పో!”

“మరి కొనాల్సిన సామాన్లు?” అన్నాడు ఓబప్ప.

“ఇత్తడి చెంబులు ధర్మపురిలో దొరకవా? లేండి!”

బ్రాడ్వే వీధిలో కళ్ళజోళ్ళ అంగడి పెట్టుకున్న అరుణాచలం నెమ్మదస్తుడు. గోడకు తగిలించిన అక్షరాలు చదవడానికి చదువు రాదని సౌభాగ్యం చిన్నబోతే, “అక్షరాలు ఎందుకమ్మా, వీధి ఉంది కదా,” అని ఆమెను వాకిలి వైపు తిప్పి కూర్చోబెట్టాడు. ఇనుప చట్రంలో ఒక్కొక్క అద్దం మారుస్తూ పోయాడు. ఇదా, అదా? ఏది బాగుంది? ఇప్పుడెలా ఉంది?

ఉన్నట్టుండి సౌభాగ్యం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

“తీగ,” అంది. “ట్రాము మీద తీగ ఉండాది! దాని మీద కాకి... దానికి ముక్కు ఉండాది!”

అరుణాచలం నవ్వి, ఆ నంబరు అద్దాలు తయారుగానే ఉన్నాయని, సాయంత్రానికి బిగించి ఇస్తానని చెప్పాడు. అందరూ ఆ అంగడి అరుగు మీదే పులుసన్నం తిన్నారు. అంజప్ప భార్య పక్కన కూర్చుని, ఆమె ఎన్నడూ చూడలేదన్నవి ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు. చందమామ అంచు ఎలా ఉంటుందో తెలియదంది. మండీ నుంచి అతను చెయ్యి ఊపేవాడన్న సంగతి ఇవాళే విన్నానంది.

పొద్దు వాలుతుండగా అరుణాచలం కళ్ళజోడు తెచ్చి ఆమె చెవులకు సరిగా తగిలించాడు. సౌభాగ్యం మెల్లగా తల తిప్పింది. గది అవతల గోడకు ఆనుకుని తిమ్మమ్మ నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేని ముఖం.

“అత్తా, నీ ముక్కుపుడకలో ఎర్రరాయా!” అంది సౌభాగ్యం. “ఎంత అందంగా ఉండావు నువ్వు!”

“పోమ్మే,” అని తిమ్మమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. అరుణాచలం అటు తిరిగి నవ్వుకున్నాడు.

బీచిలో ఆ సాయంత్రం సౌభాగ్యాన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. అలలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయని ఆమెకు తెలియదు. సముద్రమంటే పెద్ద చప్పుడనే అనుకుంది ఇన్నాళ్ళూ. దూరంగా కట్టుమరాల మీద మనుషులున్నారు, తెడ్లు వేస్తున్నారు. ఇంకా దూరంగా ఓడ పోతోంది, దానికి పొగ ఉంది. “అది చూడండి! అదో, అది చూడండి!” అని ఆమే అందరికీ చూపించింది. అంజప్ప ఆమె చూపించినవన్నీ చూశాడు. చూడటం తనకూ అదే మొదటిసారి అనిపించింది.

మరునాడు మొరప్పూరులో రైలు దిగి, బస్సులో ధర్మపురి చేరేసరికి బజారు నిండుగా ఉంది. ఓబప్ప మూటలతో సందు వైపు మళ్ళబోయాడు.

“సందులో ఎందుకు? పెద్ద బజారు మీద పోదాం,” అంది తిమ్మమ్మ.

“అది చుట్టు కదా?”

“చుట్టు అయితే కానీ.”

తిమ్మమ్మ ముందు నడిచింది. ఆమె పక్కనే, తల నిటారుగా ఎత్తి, కళ్ళజోడుతో సౌభాగ్యం నడిచింది. ఎదురైన వాళ్ళందరినీ, వాళ్ళు పలకరించకముందే పేరు పెట్టి పలకరించింది. అంగళ్ళలో తూకాలు ఆగాయి. ఇంటి దగ్గరికి వచ్చేసరికి పక్కింటి ముత్తమ్మాళ్ అరుగు మీద నుంచి లేచి నిలబడింది. అరవావిడైనా ఏళ్ళ తరబడి పొరుగున ఉండి తెలుగు మాట్లాడుతుంది.

“ఏం తిమ్మక్కా, కోడలికి కండ్లు చెడిపోయినాయా?” అంది, మూతి తిప్పి.

“చెడిపోలేదమ్మా. నిన్ననే వచ్చినాయి,” అంది తిమ్మమ్మ. “సముద్రంలో ఓడను నాకంటే ముందు చూసింది!”

అరుగు మీది ఆడవాళ్ళు గుసగుసలాడారు. ముత్తమ్మాళ్ నవ్వలేదు. సౌభాగ్యం దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా, “నాకూ దూరానివి మసక మసకగానే ఉంటాయి పాపా. ఎవురితోనూ అనలేదు. ఒకసారి ఇస్తావా?” అంది.

సౌభాగ్యం కళ్ళజోడు తీసి, తన చేతులతోనే ఆమెకు పెట్టింది. ముత్తమ్మాళ్ వీధి చివరికి చూసింది. ఆమె చెయ్యి మెల్లగా నోటి మీదికి వెళ్ళింది. అరుగు మీది వాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చారు. నాకు, నాకు అంటూ చుట్టూ మూగారు. మళ్ళీ రంగులూ నీడలూ అయిపోయిన ఆ గుంపు మధ్య సౌభాగ్యం తాయారును ఎత్తుకుని నిలబడి, పగలబడి నవ్వింది.

“మెల్లగా పట్టుకోండమ్మా!” అని తిమ్మమ్మ వీధంతా వినబడేలా అరిచింది. “కింద పడేసేరు! అవి నా కోడలి కండ్లు!”