మసక పట్టిన పగడాలు

పిల్లలూ, కలువకొండ రాజ్యంలో పాడికీ పంటకూ లోటు లేదు గాని, ఒక్క కష్టం మాత్రం దాన్ని చెదపురుగులా లోలోపల తినేస్తూ ఉండేది. దాని పేరు మసకభూతం. అది ఎవరి భుజాలెక్కి కూర్చుంటే వారికి అన్నం సయించదు, ఆట రుచించదు. గోడవైపు తిరిగి పడుకుంటారు. కొందరైతే లేచి కొండ అంచుకేసి నడిచేవారు. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఆ పేరు పైకి చెప్పడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. "మా ఇంట్లో అమ్మవారు పోసింది" అనేసి గుమ్మానికి వేపమండలు కట్టేసేవారు. వేపమండలు కనబడితే ఇరుగుపొరుగు గడప తొక్కరు కదా! ఇంటి పరువు భద్రంగా ఉండేది, బిడ్డ మాత్రం చీకటి గదిలో ఒంటరిగా ఉండిపోయేది.

ఆ రాజ్యంలో చాపలల్లుకుని బతికే వరాలమ్మకు పగడాలు ఒక్కగానొక్క కూతురు. వరాలమ్మ ఉత్త భయస్తురాలు. పిల్ల తుమ్మితే ఆమెకు ప్రాణం పోయినంత పని, ఏటికి వెళ్తే వరద ముంచుతుందేమోనని బెంగ. అటువంటి తల్లితో ఒకనాటి ఉదయం పగడాలు గోడవైపు తిరిగే ఉండి, "అమ్మా, నాకు బతకాలనిపించడం లేదే" అంది.

వరాలమ్మ కూతురి పక్కన కూలబడి దాని తల ఒళ్లోకి తీసుకుంది. అయినా పక్కింటి సూరమ్మ తొంగిచూసేసరికి, "అమ్మవారు పోసిందత్తా, లోపలికి రాకు" అని తానే గుమ్మానికి వేపమండ కట్టేసింది. కట్టాక లోపలికి వస్తే ఇల్లు బావిలా తోచింది. ఇలాగే ఉంటే బిడ్డ దక్కదని ఆమెకు తెలిసిపోయింది. అడవికి ఆవల వేయిద్వారాల నగరంలో మసక విడిపించే ఇల్లు ఒకటుందని ఎప్పుడో ఒక బాటసారి అనగా విన్నది.

"లే తల్లీ, పోదాం. నిన్ను రెప్పపాటు కూడా వదలను" అంటూ తన కొంగును కూతురి మణికట్టుకు ముడివేసుకుంది. అడవి దారి చాలా చెడ్డది. మీరు మాత్రం పెద్దవాళ్లు లేకుండా అటు వెళ్లకండి.

అడవి నడుమ వాగు మీద వంతెనకు అడ్డంగా ఒక రాక్షసుడు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"ఆగవే! నీ కూతురికి జరగబోయే కీడు ఈ వాగు నీళ్లలో చూపిస్తాను. చూస్తే గుండె ఆగి ఛస్తావు!" అని గర్జించాడు.

నీళ్లలో ఒక పులి, పొంగుతున్న ఒక వరద కనిపించాయి. వరాలమ్మ వంగి చూసింది.

"ఇంతేనా? పులి ఒక్కటేనా? నేను ఏడు పులులనుకున్నాను. వరదొస్తే వంతెన కూలదా? కూలితే పట్టుకున్న కొమ్మ విరగదా? విరిగిన కొమ్మలో పాముండదా? ఆ పాము..."

రాక్షసుడు రెండు చెవులూ మూసుకున్నాడు. "చాలు తల్లోయ్! రోజూ ఇవన్నీ తలుచుకుంటూ అన్నమెలా తింటున్నావు?"

"తినకపోతే దీన్నెవడు చూస్తాడురా, నువ్వా? తప్పుకో!"

వాడు కాళ్లు ముడుచుకున్నాడు.

నగరంలో ముందుగా ఎదురైనవాడు బెత్తం పట్టుకున్న మాంత్రికుడు. "పిల్లను స్తంభానికి కట్టు. ఒళ్లు చీరేలా కొడితే పట్టినది పారిపోతుంది" అన్నాడు.

"దెబ్బ పడేది నా బిడ్డ ఒంటి మీద కదయ్యా, భూతం మీద కాదే!" అంటూ వరాలమ్మ బెత్తం లాక్కుని మోకాలికి వేసి విరిచింది. "ముందు నిన్ను కొట్టి చూద్దాం రా, నీలోంచి ఏం పారిపోతుందో!"

పాలరాతి మేడలో ఉండే వైద్యశిఖామణి ఇంకా ఘనుడు. ఆయన మేడమెట్ల మీద ఆగిన పల్లకి దిగకుండానే, "పిల్ల ఎత్తు బంగారం తెచ్చావా?" అని అడిగాడు.

"బంగారం లేనివాళ్లకు మనసుండదా స్వామీ?" అంది వరాలమ్మ. భటులు ఇద్దరినీ మెట్ల మీది నుంచి తోసేశారు. పగడాలు మోచేయి దోక్కుపోయింది. "ఇంటికి పోదామమ్మా, నా వల్ల నీకెన్ని అవమానాలో" అంది. "అవమానం నాకు కాదే, ఆయనకి. పద" అంది తల్లి.

కనబడినవాళ్లనల్లా దారి అడిగి, చివరికి బజారు మధ్యలో ఒక పెంకుటింటికి చేరారు. తలుపు మీద వాలి ఒక గోరువంక కాపలా కాస్తున్నది.

"ఏమిటి బాధ?" అని అది మనిషిలాగే అడిగింది.

బజారంతా తమనే చూస్తున్నట్టనిపించింది వరాలమ్మకు. గొంతు తగ్గించి, "జ్వరం" అంది.

"జ్వరానికి కషాయం ఎదురింట్లో" అంది గోరువంక. తలుపు కదల్లేదు.

"కాదు కాదు, దిష్టి."

"దిష్టికి పక్కవీధి."

రాక్షసుడికి జడవని తల్లి నలుగురి చూపులకు జడిసి నేల చూపులు చూస్తున్నది. అప్పుడు పగడాలు కొంగు ముడి విప్పుకుని ముందుకు వచ్చింది.

"జ్వరం కాదు, దిష్టీ కాదు. నా మీద మసక కూర్చుంది. నాకు బతకాలని లేదు. కానీ మా అమ్మ నాకోసం ఇంత దూరం నడిచింది" అని గొంతెత్తి చెప్పింది.

తలుపు బార్లా తెరుచుకుంది. వెనక నీళ్లు మోస్తున్న ఒకామె బిందె దింపేసి, "మా తమ్ముడికీ అదేనమ్మా, నేనూ రానా?" అంటూ ముందుకు వచ్చింది.

లోపల శాంభవవ్వ అనే ముసలామె పగడాలును ఎదురుగా కూర్చోబెట్టుకుని, అడ్డు రాకుండా చివరిదాకా వింది.

"ఒక్క మంత్రంతో దించెయ్యవా అవ్వా?" అని ఆత్రపడింది వరాలమ్మ.

"చుట్టుకున్న కొండచిలువను ఒక్క గుంజు గుంజితే పిల్ల ఎముకలే విరుగుతాయే. ఒక్కో చుట్టే విప్పాలి. మూలిక ఇస్తాను, రోజూ మాట్లాడుకుందాం. మసక మరీ బరువెక్కితే ఏ వేళైనా తలుపు తట్టండి. ఇక్కడ ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు."

"మరి మేమేమిచ్చుకోవాలి?"

"ఉన్నవాళ్లు ఉన్నంత. నీకు చాపలల్లడం వచ్చుగా, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒకటి అల్లిపెట్టు."

కొన్నాళ్లు బాగుండేది, కొన్నాళ్లు మళ్లీ గోడవైపే. ఒక మధ్యాహ్నం మాత్రం పగడాలు, "అమ్మా, ఇంకాస్త ఊరగాయ వెయ్యవే" అంది. వరాలమ్మ కళ్లనీళ్లు అన్నంలో పడ్డాయి.

పిల్ల కాస్త తేరుకున్నాక అవ్వ తన శిష్యురాళ్లను ఇద్దరిని తోడిచ్చి కలువకొండకు పంపింది. తిరిగి వచ్చిన వరాలమ్మ తిన్నగా రాజసభకు నడిచింది. యువరాజుకు అమ్మవారు పోసిందంటూ కోట గుమ్మానికీ ఎన్నాళ్లుగానో వేపమండలు వేలాడుతున్నాయి.

"మహారాజా! అమ్మవారు ఇన్నాళ్లుంటుందా? మా ఇంట్లో ఉన్నది మసక. యువరాజుకూ అదే. అవునో కాదో చెప్పండి" అంది.

భటులు కత్తులు దూశారు. ఆమె ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. తెర వెనక నుంచి రాణి బయటకు వచ్చి, "ఆమె చెప్పింది నిజం. నా బిడ్డ మూడు వానాకాలాలుగా గోడకేసి చూస్తున్నాడు. కత్తులు దించండి" అంది. రాజు ముఖం కప్పుకుని ఏడ్చాడు.

ఆ నెలలోనే కోట పక్కన అటువంటి ఇల్లు వెలిసింది. కూలివాడికీ యువరాజుకూ అక్కడ ఒకటే చాప. పగడాలు పెద్దదై ఆ ఇంటికే పెద్దయ్యింది.

ఒకరోజు ఆమె తలుపు తీసేసరికి వరుసలో వరాలమ్మ నిలబడి ఉంది.

"ఎవరిని తీసుకొచ్చావమ్మా?" అంది పగడాలు.

"ఎవరినీ లేదే. నాకే. ఆ పాములూ వరదలూ నన్ను నిద్రపోనివ్వడం లేదు" అంది వరాలమ్మ, బజారంతా వినేలా.

పగడాలు తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. వాళ్లింకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, మనం చప్పుడు చేయకుండా ఇవతలికి వచ్చేద్దాం.