గుడ్డ చుట్టిన జాయ్‌స్టిక్

ఆ వీధి చివర మూతబడ్డ వీడియో గేమ్స్ షాపు ఉంది చూశారూ… చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. అవతలి వైపు కాలువ మీద పలకలు విరిగి ఉన్నా సరే, అటే పోతారు. కాలు విరిగితే కట్టు కట్టించుకోవచ్చు, దెయ్యం పడితే ఎవరితో చెప్పుకుంటాం అని వాళ్ళ లెక్క.

షాపు యజమాని లోపలే పోయాడు. మెషిన్ ముందు స్టూలు మీద కూర్చుని… ఆట మధ్యలో… గుండె ఆగి. ఆ తర్వాత ఆ మెషినూ ఆగిపోయింది. అప్పట్నుంచి రాత్రిళ్ళు మూసిన షట్టరు వెనక స్టూలు జరిగిన చప్పుడవుతుందట. ఆట పూర్తి చెయ్యకుండా లేచిపోయిన మనిషి కదా, ఆ మాత్రం దిగులు ఉంటుంది మరి.

ఇదంతా వట్టి కోతలని కొట్టిపారేసినవాడు ఒక్కడే, ఆయన అల్లుడు. టీవీలు బాగుచేసే మెకానిక్. షాపు వెనక వాటాలోనే కాపురం, ఇల్లరికం. పగలంతా అత్తగారితో వేగే మనిషి రాత్రిపూట దెయ్యానికి ఏం భయపడతాడు?

అత్తగారు సామాన్యురాలు కాదు. మొగుడు పోయిన కొన్నాళ్ళకే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది గానీ, నోటికి మాత్రం ఏమీ కాలేదు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నాడు. పిసక్కపోతే ఆ చెయ్యి ఇక రాదన్నాడు. ఆవిడ ఆ బంతిని కిటికీలోంచి విసిరేసింది. ఎడంచేత్తోనే, చాలా దూరం. కూతురు బతిమాలింది, ఏడ్చింది.

"ఎవరికోసం రావాలే ఈ చెయ్యి?" అందావిడ.



ఆ పైన షాపు ఖాళీ చెయ్యాలని పట్టుబట్టింది. మెషిన్లన్నీ ఒకటొకటే పోయాయి. మావగారు ఆఖరిసారి ఆడిన ఆ ఒక్కటే మిగిలింది. ఆదివారం పాత సామాన్లవాడు వస్తాడు, అదీ ఇచ్చేస్తానంది. ఆ లోపల దాన్ని బతికించి చూపిస్తానన్నాడు అల్లుడు. చిన్నప్పుడు ఆ మెషిన్ ముందు నిలబడే అతనికి ఈ పనిమీద మోజు పుట్టింది. ఆ ఇంటి పిల్లమీద మోజు పుట్టిందీ అక్కడే, ఆ సంగతి మావగారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. అలాంటిదాన్ని తూకానికి వేస్తుంటే చూస్తూ ఊరుకోవడం అతనివల్ల కాలేదు.

"చూపించండి, అల్లుడుగారూ" అందావిడ. ఆ 'గారు'లో ఉన్నంత వెటకారం తిట్టులో కూడా ఉండదు.

అల్లుడు పనిలోకి దిగాడు. ఉబ్బిపోయిన చెక్క మార్చాడు, వైర్లు కొత్తవి వేశాడు, తెర వెలిగించాడు. ఇద్దరు ఆడే మెషిన్ అది, రెండు జాయ్‌స్టిక్‌లు. ముందుగా మొదటిదాన్ని బాగుచేసి, వెతికి వెతికి తెచ్చిన ఎర్ర గుండు దాని తలమీద బిగించాడు. స్క్రూ దగ్గర్నుంచి అన్నీ ఒరిజినల్‌వే ఉండాలని అతని పట్టుదల. ఇంట్లో తన మాట ఎలాగూ చెల్లదు, మెషిన్ దగ్గరైనా చెల్లనీ అనుకున్నాడు.

తెల్లారి చూస్తే… ఎర్ర గుండు ఊడదీసి పక్కన పెట్టి ఉంది.

జాయ్‌స్టిక్‌కి గుడ్డ చుట్టి ఉంది. బెండకాయంత పుల్ల కాస్తా వంకాయంత లావైంది. దాని ముందుకి రెండు స్టూళ్ళు లాగి ఉన్నాయి. గుడ్డ పట్టుకు చూశాడు. గళ్ళ గుడ్డ… మావగారి చొక్కాది.

పెళ్ళాన్ని అడిగాడు. నీ మీద ఒట్టు, నేను కాదంది. మొగుడిమీద ఒట్టు వేసింది కాబట్టి సగమే నమ్మాడు. గుడ్డ విప్పి పారేసి, మళ్ళీ ఎర్ర గుండు బిగించాడు.

మర్నాడూ అంతే. గుడ్డ ఇంకా లావుగా ఉంది. ముడి మీద మాత్రం… పంటిగాట్లు.

దెయ్యాలకి పళ్ళుంటాయా? ఈ ప్రశ్నకి మెకానిక్ చదువులో జవాబు లేదు. మావగారు బతికున్నన్నాళ్ళూ అల్లుడి పనికి వంకపెట్టందే నిద్రపోయేవాడు కాదు. పోయాక కూడా నిద్రపోవట్లేదన్నమాట. అయినా అల్లుడికి పౌరుషం చావలేదు. మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. దెయ్యమైతే మాత్రం, ఒరిజినల్ ఒరిజినలే.

శనివారం రాత్రి పాత కౌంటరు వెనక నక్కి కూర్చున్నాడు. చేతిలో పెద్ద స్క్రూడ్రైవర్. దెయ్యాన్ని దానితో ఏం చేద్దామనుకున్నాడో అతనికే తెలియాలి.

చాలాసేపు ఏమీ లేదు…

తర్వాత లోపలి తలుపు కిర్రుమంది. స్టూలు జరిగింది — ఒకటి. ఆగి… ఇంకొకటి. నీలం వెలుతురు గోడమీద పాకింది. గుడ్డ చింపిన చప్పుడు… పళ్ళతో ముడి బిగించేటప్పటి మూలుగు…

టక్…

చాలాసేపటికి ఇంకోసారి… టక్.

అల్లుడు కౌంటరు మీంచి తల పైకెత్తాడు.

అత్తగారు.

పడిపోయిన కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, గుడ్డ చుట్టిన పుల్లమీద పెట్టుకుంది. సన్నటి పుల్ల ఆ వేళ్ళకి అందదు, నున్నటి గుండు జారిపోతుంది. లావు గుడ్డ మీద మాత్రం వేళ్ళు మెల్లగా… ఒక్కొక్కటే… ముడుచుకున్నాయి. పుల్ల పక్కకి వంగింది. తెరమీద బుల్లి విమానం ఎడమకి జరిగింది. ఆవిడ మొహమంతా చెమట.

ఒరిజినల్, ఒరిజినల్ అంటూ రోజూ తను విప్పి పారేసింది ఆ చేతి పట్టునని అల్లుడికి అప్పుడు తెలిసింది. స్క్రూడ్రైవర్ మెల్లగా కింద పెట్టాడు.

"దాక్కోవడం అయిపోతే ఇలా రండి, అల్లుడుగారూ" అంది ఆవిడ, తెరమీంచి చూపు తిప్పకుండా. "రేపు సామాన్లవాణ్ణి రావద్దని చెప్పండి."

అతను తల ఊపాడు. ఆవిడ చూడదని గుర్తొచ్చి, అలాగేనన్నాడు.

"రెండో జాయ్‌స్టిక్ కూడా తొందరగా బాగుచెయ్యండి."

"అలాగే అత్తయ్యగారూ. దానికీ లావుగా గుడ్డ చుట్టమంటారా?"

ఆవిడ ఆట ఆపి, పక్కనున్న ఖాళీ స్టూలు వైపు ఒకసారి చూసింది. తర్వాత అతని వైపు చూసింది, బొత్తిగా తెలివి లేనివాణ్ణి చూసినట్టు.

"ఎందుకూ? ఆయన చేతికేం రోగం?"