పదకొండు కిలోల మెప్పు

పొద్దున్న ఐదున్నరకల్లా ఆ ఇంటి వంటగదిలో కత్తి చప్పుడు మొదలవుతుంది. క్యారెట్టో, బీన్సో, క్యాబేజీయో, ఆ రోజు ఏది ఉంటే అది చెక్క పలక మీద టకటకా ముక్కలైపోతుంది. ఆ చప్పుడు వింటూ హాల్లో చాప మీద బస్కీలు తీయడం బస్సు డిపో ఫోర్‌మన్ గారికి అలవాటు. ఇల్లు ఒక పద్ధతిలో నడుస్తోందని ఆయనకి అదే భరోసా.

పద్ధతి పెట్టింది ఆయనే. ఏడాది కిందట డిపోలో అందరికీ రక్తపరీక్షలు చేశారు. ఆయన షుగరు గీత దాటడానికి సిద్ధంగా ఉందని డాక్టర్ చెప్పాడు. ఆ సాయంత్రమే ఆయన ఇంటికొచ్చి చిరుతిళ్ళ డబ్బాలన్నీ ఖాళీ చేసి, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. ఇకమీదట ఈ ఇంట్లో నిన్నటిది ఎవరూ తినకూడదు, ఏ పూటకి ఆ పూట తాజాగా కోసి వండాల్సిందే. రోజూ బిల్డింగు ఆరు అంతస్తులూ ఐదుసార్లు ఎక్కి దిగాలి, ఆదివారం పదిసార్లు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు కాబట్టి ఆరు నెలల్లో నడుము తగ్గింది, షుగరు దారికొచ్చింది. ఇంట్లో ఇంకెవరికీ కాదనడానికి నోరు లేకుండా పోయింది.

కాకపోతే నియమం ఆయనది, కత్తి ఆవిడది. ఆయన భార్య బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో కటింగ్ చేస్తుంది. తొమ్మిదింటికి అక్కడ బల్ల ముందు నిలబడాలి. అంతకుముందే పొద్దుటి వంట, మెట్లు, మళ్ళీ మధ్యాహ్నం డబ్బాల వంట. సాయంత్రం ఆరున్నరకి వచ్చి చెప్పులు విప్పితే రాత్రి వంట. మధ్యాహ్నానికీ పొద్దుటి కూరే పెట్టుకుంటే ఏమవుతుందని ఒకసారి అడిగి చూసింది. కూర వండిన గంట నుంచీ దానిలో బలం ఎలా దిగిపోతుందో ఆయన గీత గీసి మరీ వివరించాడు. ఆవిడ ఇంకోసారి అడగలేదు.

మొదటి ఆరు నెలలూ ఎన్ని మెట్లెక్కినా ఆవిడ ఒళ్ళు ఒక్క కిలో కూడా తగ్గలేదు. మనసు పెట్టి ఎక్కడం లేదని ఆయన సణిగేవాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి తగ్గడం మొదలైంది. నెలకి రెండు కిలోలు, ఒక నెలైతే మూడు. ఐదు నెలలు తిరిగేసరికి పదకొండు కిలోలు తగ్గింది. ఫోర్‌మన్ గారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆయన మెచ్చుకునే రకం కాదు. పెళ్ళయి ఇరవై మూడేళ్ళయినా వంట బాగుందని ఒక్కనాడూ అని ఎరగడు. బాగులేకపోతే చెప్తాను కదా, చెప్పలేదంటే బాగున్నట్టే అనేవాడు. డిపోలో కూడా అంతే, బండి గేటు దాటిందంటే దానికి లోటు లేనట్టే. అలాంటి మనిషి ఇప్పుడు లిఫ్టు దగ్గర ఎవరు కనిపించినా ఆపి మరీ భార్య గురించి చెప్పేవాడు. బిల్డింగు ఆడవాళ్ళ ముందు ఆవిడని నిలబెట్టి, పట్టుదల అంటే ఇదీ, చూసి నేర్చుకోండి అనేవాడు. ఆవిడ తల వంచుకుని నవ్వేది. ఆ నవ్వు చూసి ఆయన ఇంకో నాలుగు మాటలు కలిపేవాడు.

ఆవిడ ఒంట్లో వచ్చిన ప్రతి మార్పుకీ ఆయన దగ్గర ఒక జవాబుండేది. చలికాలంలో కూడా ఒళ్ళంతా చెమటలు పడితే కొవ్వు కరుగుతోందన్నాడు. అలారం మోగకముందే మూడింటికో నాలుగింటికో లేచి కూర్చుంటే, ఇప్పుడు దారిలో పడ్డావన్నాడు. గుండె దడగా ఉందంటే మరి కసరత్తంటే అదేనన్నాడు. కూరలు తరుగుతుంటే చెయ్యి వణికినప్పుడు మాత్రం కాస్త విసుక్కుని, కత్తి గట్టిగా పట్టుకోమన్నాడు. ఇదివరకటి కంటే రెట్టింపు తింటోంది, అయినా తగ్గుతోందంటే మెట్ల మహిమేనని ఆయన నమ్మకం.

ఆ ఆదివారం బిల్డింగులో అందరికీ కలిపి పది రౌండ్ల పందెం పెట్టాడు. ముందురోజే ప్రతి తలుపూ తట్టి చెప్పి వచ్చాడు. పద్దెనిమిది మంది పేర్లిచ్చారు, అందులో పదిమంది ఆవిడని చూసి ముచ్చటపడి ఇచ్చినవాళ్ళే. పొద్దున్నే ఆయన మెడలో విజిల్ వేసుకుని బయల్దేరబోతుంటే ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ్టికి నన్ను వదిలెయ్యండి. కాళ్ళు నావి కానట్టున్నాయి."

"రెండు రౌండ్లు తిరిగితే అవే నీవవుతాయి. వాళ్ళంతా నిన్ను చూసే కదా వస్తున్నారు? నువ్వే రాకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న కూతురు సోఫాలోంచి లేచింది. అమ్మ రాత్రంతా పడుకోలేదని, మూడింటి నుంచి కిటికీ దగ్గరే కూర్చుందని చెప్పింది. కసరత్తు చేసే ఒంటికి ఎక్కువ నిద్ర అక్కర్లేదని ఆయన కొట్టిపారేశాడు. అమ్మాయి ఇంకేదో అనబోతుంటే తల్లి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఆపింది. బూట్లు వేసుకుని, వంగి లేసులు కట్టుకోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. ఆయన తలుపు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆరు రౌండ్ల దాకా ఆవిడే అందరికంటే ముందుంది. ఆయన ఆరో అంతస్తులో మెట్ల రెయిలింగు మీదికి వంగి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు లెక్కపెడుతున్నాడు. ఏడో రౌండులో ఆవిడ పైదాకా రాలేదు. తొంగి చూస్తే నాలుగో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని గోడకి తల ఆనించి ఉంది. "ఇంకా నాలుగే, ఆగకు," అని అరిచి విజిల్ ఊదాడు. ఆవిడ తలెత్తి చూసి లేవబోయింది. సగం లేచి, పక్కకి ఒరిగిపోయింది.

ఆయన రెండేసి మెట్లు దూకుతూ దిగేసరికి ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. రెండో అంతస్తు టీచరమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. లెక్క అందడం లేదండీ, ఒకటే పరుగు అంది. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదాలు మాత్రం తెల్లగా పాలిపోయాయి. భర్తని చూడగానే, పందెం పాడుచేశాను కదూ అని అడిగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తీరిగ్గా చూసింది. ఆవిడని చేతులు చాచమని వేళ్ళ మీద కాగితం పెట్టింది. కాగితం ఆకులా వణికింది. మెడ నొక్కి చూసింది, గుండెకి తీగలు పెట్టి గీతలు తీయించింది. తర్వాత బరువు సంగతి అడిగితే ఫోర్‌మన్ గారు ఆవిడకంటే ముందే అందుకున్నాడు. ఐదు నెలల్లో పదకొండు కిలోలండీ అన్నాడు. అంత కంగారులోనూ ఆ అంకె చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం పలికింది. డాక్టరమ్మ రాస్తున్నది ఆపి తలెత్తింది.

"అంత తగ్గితే మీరేం చేశారు?"

"మెచ్చుకున్నామండీ," అన్నాడు ఆయన.

థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని డాక్టరమ్మ వివరించింది. ఒళ్ళు తన్ను తానే తినేస్తోందట, గుండె పడుకున్నప్పుడు కూడా పరిగెత్తుతూనే ఉందట. చెమటలు, వణుకు, నిద్ర పట్టకపోవడం, తిన్నది ఒంటికి పట్టకపోవడం, అన్నీ దానివే. మందులతో లొంగుతుంది, భయం లేదు, కానీ ఇలాంటి గుండెతో రోజూ ఆరు అంతస్తులు ఎక్కించడం మంచి పని కాదు. ఇంకో నెల ఇలాగే నడిచి ఉంటే ఏమయ్యేదో తను చెప్పలేనంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండునని ఆయనకి అనిపించింది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చుంటే కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"మీ డిపోలో ఒక బస్సు ఎప్పుడూ లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది, ఉన్నట్టుండి ఏడు ఇస్తే ఏం చేస్తావు నాన్నా?"

ఆయన చేతిలోని మందుల చీటీని ఇంకో మడత పెట్టాడు.

"చెప్పు నాన్నా."

"గేటు దగ్గరే ఆపేస్తాను. ఎక్కడో ఏదో తేడా ఉంది కదా. పక్కన పెట్టి విప్పి చూస్తాను."

"మరి అమ్మనెందుకు ఆపలేదు?"

ముప్పై ఏళ్ళుగా ఆయన మెకానిక్కులకి ఈ మాటే నూరిపోస్తున్నాడు. కారణం తెలియకుండా బాగుపడిన బండిని నమ్మొద్దు అని. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడని ఆయనకి పేరు. పక్కన పడుకున్న మనిషి ఐదు నెలలుగా వణుకుతుంటే కత్తి గట్టిగా పట్టుకోమన్నాడు. అమ్మాయి కూలబడ్డట్టుగా పక్కన కూర్చుంది. అమ్మ రోజూ నాలుగో అంతస్తులో కూర్చుని వగర్చడం తనూ చూశానని, నాన్నకి చెప్పొద్దంటే ఊరుకున్నానని, తప్పు తనది కూడానని చెప్పింది. ఆయన ఆ పిల్ల తలని దగ్గరికి తీసుకున్నాడు. నీది కాదమ్మా అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆవిడ కాస్త తేరుకుంది. దిండుకి ఆనుకుని కూర్చుని, భర్త తెచ్చిన గంజి చెంచాతో తాగుతోంది. మంచం మీద ఎంత చిన్నగా ఉందో ఆయన అప్పుడే చూశాడు. మెడ దగ్గర ఎముకలు బయటికొచ్చాయి. ఇన్నాళ్ళూ దీన్నే కదా సన్నబడ్డావన్నాను అనుకున్నాడు. ఒంట్లో అంత బాధగా ఉంటే నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

"మొదట్లో చెప్పాను. అది కసరత్తు గుణమన్నారు కదా."

"తర్వాతైనా చెప్పాల్సింది."

"నాకు తెలుస్తూనే ఉంది, ఏదో తేడా చేసిందని. దుకాణంలో కత్తెర గీత మీద నిలిచేది కాదు. రెండు తానులు వంకరగా కోసేశాను. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ నా చేతిలో బట్ట పాడవలేదు." చెంచా గిన్నెలో పెట్టి ఆయన వైపు చూసింది. "కానీ చెప్తే మీరు ఆపేస్తారేమోనని ఊరుకున్నాను."

"ఆపేసేవాణ్ణే. మెట్లు ఆపేస్తే నీకు పోయేదేముంది?"

"మెట్లు కాదండీ. మెచ్చుకోవడం."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. ఆవిడ దుప్పటి అంచు సరిచేసుకుంటూ, నెమ్మదిగా, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది.

"పెళ్ళయిన దగ్గర్నుంచి మీరు నా గురించి నలుగురిలో ఒక మంచి మాట అనడం ఇదే మొదలు. లిఫ్టు దగ్గర మీరు అలా చెప్తుంటే లోపల ఎంత నీరసంగా ఉన్నా నిలబడాలనిపించేది. బరువు చూసే రోజు, ఇంకో అరకిలో తగ్గి ఉంటే బాగుండునని నేనే కోరుకునేదాన్ని. సిగ్గులేని మనిషిననుకోండి."

ఫోర్‌మన్ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చూడటానికేమీ లేదు, స్కూటర్ల స్టాండు తప్ప. ఆయన డిపో చొక్కా కాలరు మెడకి ఒరుసుకుంటోందని ఎప్పుడో ఒకసారి విసుక్కున్నాడు. అప్పటి నుంచీ ప్రతి కొత్త చొక్కాకీ ఆవిడ కాలరు లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టి ఇస్తోంది. ఆయన కాలు విరిగి మూడు నెలలు మంచంలో ఉంటే దుకాణం పనీ, ఇంటి పనీ, ఆయన పనీ ఒంటి చేత్తో లాక్కొచ్చింది. అప్పుడు అనాల్సిన మాటలు ఎన్ని ఉన్నాయి! ఒక్కటీ అనలేదు. చివరికి నోరు తెరిచి మెచ్చుకున్నది ఆవిడని తినేస్తున్న జబ్బుని. ఆయన కళ్ళ నీళ్ళు చొక్కా చేత్తో తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ వచ్చాయి. ఆవిడ చూసీ చూడనట్టు గంజి తాగేసింది, ఆయన పరువు కాపాడటానికి.

ఇంటికొచ్చాక వంటగది ఆయన చేతికొచ్చింది. తాజాగా వండుకోవడం మానలేదు, అందులో తప్పేమీ లేదని డాక్టరమ్మే చెప్పింది. రెండు పూటలకి కలిపి ఒకేసారి వండుతున్నాడు, మిగిలింది బుద్ధిగా ఫ్రిజ్‌లో పెడుతున్నాడు. ఆయన తరిగిన క్యారెట్టు ముక్కల్లో ఏ రెండూ ఒకలా ఉండవు. నట్లు బిగించే చేతులకి ఇంతకంటే నాజూకు రాదేమోలే అని కూతురు వెక్కిరిస్తుంది. సాయంత్రాలు భార్యాభర్తలు కింద చదునుగా ఉన్న దారిలో ఆవిడ ఎంత నెమ్మదిగా నడిస్తే అంత నెమ్మదిగా నడుస్తున్నారు. మూడు నెలల్లో ఆవిడకి నిద్ర పట్టడం మొదలైంది, బుగ్గలు కాస్త నిండాయి.

మాటల విషయంలో మాత్రం ఆయన కాస్త శ్రుతి మించాడు. బాకీ అంతా ఒకేసారి తీర్చేద్దామనుకున్నాడో ఏమో, ఆవిడ మంచినీళ్ళు తాగినా భేష్ అంటున్నాడు. ఒక ఆదివారం పొద్దున ఆవిడ స్టూలు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తుంటే, నీ అంత వేగంగా ఈ బిల్డింగులో ఎవరూ ఒలవలేరన్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి.

"మెచ్చుకోండి, వద్దనను. కానీ ముందు కాస్త నా వైపు చూడండి. చూశాక ఏమనాలనిపిస్తే అది అనండి."

ఆయన గరిట పక్కన పెట్టి, స్టవ్ ఆపేసి, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మొహంలోకి చూశాడు. ఒళ్ళో ఉన్న చేతులు తీసుకుని చూశాడు. ఎడమ చేతి బొటనవేలి మీదా, చూపుడువేలి మీదా తెల్లటి గీతల్లా మానిన గాట్లున్నాయి. ఒకటి కాదు, ఆరేడు. ఇవన్నీ ఎప్పటివని అడిగాడు. చెయ్యి వణుకుతున్న రోజుల్లో కూరలు తరుగుతుంటే తెగినవి అంది ఆవిడ. అప్పుడు నేనెక్కడున్నాను అని అడిగాడు ఆయన. ఇక్కడే, హాల్లో బస్కీలు తీస్తున్నారు అంది.

ఆయన తల దించుకున్నాడు. మొదటి గాటు మీద వేలు పెట్టి, ఇది ఏ రోజు తెగిందో చెప్పమన్నాడు. ఆవిడ గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కటే చెప్పింది. ఆఖరిదాకా మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా, ఆ వేళ్ళు వదలకుండా ఆయన విన్నాడు.