శనివారం సీడీ

“యాంటీవైరస్ ఉందని చెప్పి అమ్మారు కదండీ! మరి పిల్లల మార్కులన్నీ ఎలా పోయాయి?”

ధవళేశ్వరంలోని ఒక స్కూలు ఆఫీసులో అడుగుపెట్టగానే సాల్మన్‌కి ఎదురైన మొదటి మాట అది. అడిగింది సారిక, కొత్తగా చేరిన క్లర్కు. సాల్మన్ రాజమండ్రి కంప్యూటర్ షాపు నుంచి రిపేరుకి వచ్చాడు.

“ఉందండి. కానీ పాతది. కొత్త వైరస్‌లు దానికి తెలియవు. అప్‌డేట్ చేస్తూ ఉండాలండి.”

“ఎవరు చెయ్యాలి?”

“మీరేనండి.”

“నేను చేరి వారమైనా కాలేదు!”

అతనికి నవ్వొచ్చింది. అది చూసి ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

స్కూల్లో ఇంటర్నెట్ లేదు. అందుకని షాపులో డౌన్‌లోడ్ చేసిన అప్‌డేట్‌ని ప్రతి శనివారం సీడీలో తెచ్చి ఎక్కించే పని సాల్మన్‌కి పడింది.

“వారం వారం కొత్త వైరస్‌లేంటండీ? మీరే పుట్టిస్తున్నారా?” అనేది సారిక టీ గ్లాసు అందిస్తూ.

“అవునండి. లేకపోతే నాకీ టీ ఎవరిస్తారు?”

ఒక శనివారం గాలివానకి నిలువునా తడిసి వచ్చాడు. సీడీని మాత్రం చొక్కా లోపల దాచి పొడిగా తెచ్చాడు.

“ఈ వానలో రాకపోతే ఏమవుతుందండీ?”

“ఆలస్యం చేస్తే ప్రమాదమండి.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. “ఇంకేమైనా చెప్పాలా?”

“లేదండి.”

తిరుగు బస్సులో తనను తాను తిట్టుకున్నాడు. వచ్చే శనివారం తప్పకుండా చెప్పాలనుకున్నాడు. అలా శనివారాలు గడిచిపోయాయి.

రెండువేల ఐదులో స్కూలుకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఇక అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి. ఆ ఏర్పాటు చేయడానికి వచ్చిన రోజు, డౌన్‌లోడ్ నడుస్తుండగా సాల్మన్ తెగించాడు.

“సారికగారూ, ఇన్నాళ్లూ నేనొచ్చింది అప్‌డేట్ కోసం కాదండీ. మీ కోసం.”

ఆమె చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

“పోయిన ఆదివారం మా చర్చిలో నా పెళ్లి ప్రకటన చదివారండి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమన్నారు పాస్టరుగారు. మీరు వచ్చారేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను.”

“ఇంకా రెండు ఆదివారాలు చదువుతారు కదండీ. వచ్చి అభ్యంతరం ఉందని నిలబడనా?”

“వద్దండి. మంచాన పడ్డ నాన్నగారు ఈ పెళ్లి మాటతోనే లేచి కూర్చున్నారు. అబ్బాయీ మంచివాడేనండి.”

అప్‌డేట్ పూర్తయింది. సాల్మన్ తెర మూలకి వేలు చూపించాడు.

“ఈ మూల ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో రోజూ చూసుకోండి. ఎర్రగా మారితే వెంటనే షాపుకి ఫోన్ చెయ్యండి.”

“మీరొస్తారా?”

“ఎవరినైనా పంపిస్తానండి.”

సారిక తలూపింది. అతను బ్యాగు సర్దుకుని వెళ్లేదాకా, ఏడుపు కనబడకుండా, తెర వైపే చూస్తూ కూర్చుంది.