స్వరం మింగే గది

మా బిల్డింగు మూడో అంతస్తులో, నడవా చివర, ఒక గది ఉంది. అందులో పాడేవాళ్లు పాడుకుంటారు, డ్రమ్స్ వాళ్లు బాదుకుంటారు. వాళ్లకేం కాదు. బేస్ గిటారు పట్టుకున్నవాడు అడుగుపెట్టాడా... వాడి పని అయిపోయినట్టే.

అక్కడ ఉన్నది స్వరాన్ని మింగుతుందని అంటారు. అన్ని స్వరాలనీ కాదు, ఒక్కదాన్నే. బేస్ గిటారులో రెండో లావు తీగని ఏ మెట్టుమీదా నొక్కకుండా ఊరికే మీటితే పలుకుతుందే — అది. తీగ కదులుతుంది. వేలికి అదురు తెలుస్తుంది. చెవికి మాత్రం రాదు.

ఇంకో మాట కూడా ఉంది. ఒక్కో సాయంత్రం ఆ నడవాలో నడుస్తుంటే గోడ లోపలనుంచి గుర్రుమని ఒక మూలుగు వస్తుంది. అది పాట కాదు, మాట కాదు... తలుపుల గడియలు టకటకమంటాయి.

ఒకప్పుడు ఇది బొచ్చు కోట్ల గోదాము. మా వినిపెగ్ ఊళ్లో డబ్బున్న ఇళ్లవాళ్లు వేసవి రాగానే కోట్లు తెచ్చి ఆ చివరి గదిలో చల్లగా దాచుకునేవారు. దానికి కిటికీ లేదు. పొడవెంతో వెడల్పంత, వెడల్పెంతో ఎత్తంత — ఇటుకతో కట్టిన పెద్ద డబ్బా. కోట్లు తగిలించిన కొక్కేలు కప్పుకి ఇంకా వేలాడుతున్నాయి. బొచ్చుకోసం చంపిన నక్కల ఉసురు, బీవర్ల ఉసురు అంటారు కొందరు. నక్కలకి బేస్ గిటారు మీద అంత కక్ష ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ నక్కలవల్ల ఎక్కువ నష్టపోయినవాణ్ణి నేనే. కింద నాకు చిన్న కొట్టు ఉంది. బేస్ వాళ్లకి ప్రీయాంప్ పెడళ్లు అద్దెకిస్తాను. గిటారుకీ స్పీకరుకీ మధ్య నేలమీద పెట్టుకునే ఇనప డబ్బాలవి. వాటి నాబ్‌లు తిప్పి నాదాన్ని లావు చేసుకోవచ్చు, సన్నం చేసుకోవచ్చు, గరగరలాడించుకోవచ్చు. చివరి గది వాళ్లు సోమవారం ఒకటి పట్టుకెళ్తారు, బుధవారం తిరిగి తెచ్చి బల్లమీద పడేస్తారు. ఇది బాలేదు, ఇంకోటివ్వు. ఇచ్చిందల్లా బాలేదు. విని విని నా ఓపిక చచ్చిపోయింది.

అలా వచ్చినవాళ్లలో డారిల్ స్క్రాబెక్ ఒకడు. ఇది అతను చెప్పిన కథే. నేను ఉప్పూకారం ఏమీ కలపలేదు.

డారిల్ పగలు సిటీ బస్సు నడుపుతాడు. పెళ్లాం వెళ్లిపోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. కోరిన్ ఫాంటెన్ బ్యాండులో ఇరవయ్యేళ్లుగా బేస్ వాయిస్తున్నాడు. పాడేది కోరిన్, డ్రమ్స్ ఆమె తమ్ముడు. వారానికి రెండు సాయంత్రాలు ఆ బ్యాండు. మిగతా ఐదు రోజులు ఆ రెంటికోసం ఎదురుచూడటం. అంతకుమించి అతని బతుకులో ఏమీ లేదు. ఆ మాట అతనే ఒప్పుకున్నాడు.

ఆ శరత్కాలంలో వాళ్ల పాత గది పోయింది. చివరి గది చవగ్గా దొరికింది. అప్పటినుంచి మొదలైంది గొడవ.

బేస్ సగం పాటల్లో వినిపించడమే లేదంటాడు డారిల్. వినిపించకపోవడమా, నా గొంతుమీద బురద కుమ్మరిస్తున్నావంటుంది కోరిన్. అతను చూస్తే లేదంటాడు, ఆమె చూస్తే ఎక్కువైందంటుంది. ఆమె తమ్ముణ్ణి అడుగుదామంటే, చెవుల్లో బిరడాలు పెట్టుకుని వాయించే మనిషి, భుజాలెగరేసి ఊరుకుంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని కోరిన్ అనేసింది ఒకరోజు. ఆ మాట డారిల్‌కి ముల్లులా దిగింది.

ఆమె అన్నదానికి ఆధారం కూడా ఉంది. నవంబరులో ఒక సోషల్‌లో వాయించారు. అదే, పెళ్లికి ముందు ఊరందరినీ పిలిచి హాల్లో డాన్సులాడించే విందు. డారిల్ గదిలో పెట్టుకున్న నాబ్‌లని గదిలో పెట్టినట్టే ఉంచి వాయించాడు. అది వాళ్ల అలవాటు. సాధనలో కుదిరిన చోట తెల్ల టేపుతో గుర్తు పెట్టుకుంటారు, ఇక స్టేజీ మీద దేవుడు దిగివచ్చినా కదపరు. ఆ రోజు బల్లలమీద గ్లాసులు నడుచుకుంటూ పోయాయి. పెళ్లికూతురి మేనత్త చెవులు మూసుకుని బయటకెళ్లిపోయింది. హాలు మంచిది కాదన్నాడు డారిల్.

జనవరిలో ఇంకో సోషల్ వచ్చింది, శనివారం. ఈసారి కూడా ఇదే అయితే ఇక చాలు డారిల్ అంది కోరిన్. గట్టిగా కూడా అనలేదు. అందుకే అతనికి భయమేసింది.

గురువారం సాయంత్రం కోరిన్ రాకముందే తేల్చుకోవాలని, బస్సు డిపోలో పెట్టేసి, నా కొట్టుకొచ్చి ఒకటి కాదు — మూడు పెడళ్లు పట్టుకుని పైకెళ్లాడు. ఐదున్నరకే చీకటి పడిపోయింది. బయట ఊపిరి వదిలితే మీసం మీద మంచు కడుతోంది. మూడో అంతస్తులో మరో మనిషి లేడు.

గది నడిమధ్య ఒక పాత తివాచీ ఉంది. మూలలో డ్రమ్స్, తలుపు దగ్గర కోరిన్ మైకు, మిగిలిన చోటు అదే కాబట్టి డారిల్ ఎప్పుడూ అక్కడే నిలబడతాడు. మూడు డబ్బాలూ దానిమీద వరసగా పేర్చాడు.

ముందు నల్లది పెట్టాడు. దాని నాదం తేనె. కాస్త గరగర, కాస్త ముసలి గొంతు. కానీ దానికి నడిమి స్వరాలని లేపే నాబ్ లేదు. ఒంటరిగా వింటే ప్రాణం లేచొస్తుంది, నలుగురిలో పెడితే కనబడకుండా పోతుంది. ఇది దాని సంగతి.

డారిల్ మోకాళ్లమీద కూర్చుని, బేస్ నాబ్ కొంచెం తిప్పి, రెండో తీగ మీటాడు. వచ్చింది. నిండుగా, గుండె దగ్గర తగిలేట్టు వచ్చింది. హమ్మయ్య అనుకుని లేచి నిలబడ్డాడు. మళ్లీ మీటాడు.

లేదు.

పైపైన తీగ గీకుడు మాత్రం వినిపిస్తోంది. అడుగున ఉండాల్సిన స్వరం లేదు. వంగి చూశాడు. నాబ్ పెట్టినచోటే ఉంది. మళ్లీ మీటితే... వచ్చింది. లేచాడు. పోయింది.

నల్లది తీసి వెండిది పెట్టాడు. అది నిజాయితీపరుడి డబ్బా. నువ్వు వాయించిందే నీకు తిరిగిస్తుంది, నీ తప్పులతో సహా. నడిమి స్వరాలకి ఒక నాబ్, అందులో ఏవి లేవాలో చెప్పడానికి పక్కనే చిన్న స్విచ్. డారిల్ స్విచ్ అటు వేశాడు, ఇటు వేశాడు. మోకాళ్లమీద ఉన్నంతసేపూ అద్భుతం. నిలబడగానే శూన్యం.

ఇక ఆకుపచ్చది. నన్నడిగితే మూడింట్లో అదే గొప్పది. మామూలు నాదాన్నీ గరగరనీ ఎంత పాళ్లలో కలుపుకోవాలో దానికొక నాబ్ ఉంది. నడిమి స్వరాల్లో ఎక్కడ పట్టుకోవాలో వెతుక్కునే నాబ్ ఇంకోటి. ఓపికున్నవాడికి దాంతో సాధ్యం కానిది లేదు. డారిల్‌కి ఆపాటికి ఓపిక ఎక్కడుంది? ఒక్కో నాబ్ తిప్పుతూ కూర్చున్నాడు. కుదిరిందనుకుని లేచాడు. మీటాడు.

లేదు.

అప్పుడు తట్టిందట అతనికి — నేను లేచేలోపు ఎవరో నాబ్‌లు తిప్పేస్తున్నారని.

నవ్వకండి. మూడు నెలలు అదే స్వరంకోసం వెతికి, పరువు పోయి, రేపో మాపో బ్యాండు కూడా పోబోతున్నవాడి తల అలాగే పనిచేస్తుంది. తెల్ల టేపు తీసి నాబ్‌లు కదలకుండా అడ్డంగా అంటించాడు. కింద కూర్చుని మీటాడు, ఉంది. డబ్బామీంచి చూపు తిప్పకుండా, రెప్ప వేయకుండా, మెల్లగా... మెల్లగా లేచాడు.

టేపు కదల్లేదు. తీగ ఊగుతూనే ఉంది. స్పీకరు గుడ్డ వణుకుతోంది, ప్యాంటు అంచు అదురుతోంది. స్వరం మాత్రం చెవి దాకా వచ్చి... ఆగిపోయింది. ఎవరో అరచేయి అడ్డం పెట్టినట్టు.

"ఎవరు?" అన్నాడు డారిల్.

పైన కొక్కేలు సన్నగా కణకణమన్నాయి.

"ఏం కావాలి నీకు... నా దగ్గర ఏముందని?"

అంతే, భయమంతా ఒక్కసారి కోపమైపోయింది. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, మూడు డబ్బాలనీ ఒకదాని వెనక ఒకటి తగిలించాడు. టేపు పీకేసి, అన్నింటి బేస్ నాబ్‌లూ చివరికంటా తిప్పేశాడు. ఎలా మింగుతావో చూస్తానని తివాచీ మీద నిలబడి అదే తీగని మీటాడు. మీటుతూనే ఉన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయట. మూడు నెలలుగా ఒక్క ముక్క తప్పు వాయించకుండా తప్పులవాడిలా బతుకుతున్నానని ఏడుపొచ్చిందట.

తలుపు తెరుచుకుంది.

కోరిన్. కోటు మీద మంచు, చెవులమీద చేతులు. కింద వీధిదాకా వినిపిస్తోందని అరిచింది. ఆపమంది. డారిల్ ఆపలేదు. తీగ మోగుతుండగానే మోకాళ్లమీద కూలబడ్డాడు.

"లేస్తే పోతోంది కోరిన్," అన్నాడు. "కూర్చుంటే ఉంటుంది... లేస్తే పోతోంది. ఇక్కడెవరో ఉన్నారు."

ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. నీతో చెప్పాల్సిన మాట ఒకటుంది, ముందు ఆ మోత కట్టెయ్ అంటూ, స్పీకరు వైరు పీకేయడానికి తనే విసవిసా తివాచీ మీదకి నడిచొచ్చింది.

వచ్చి, ఆగిపోయింది.

"ఆపేశావా?"

"లేదు."

డారిల్ వేలు ఇంకా తీగమీదే ఉంది. మళ్లీ మీటాడు. కోరిన్ అతని వేలు చూసింది, ఊగుతున్న తీగని చూసింది. మొహం పాలిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. తలుపుకి వీపు తగిలేసరికి మోత మళ్లీ మీదపడింది. ముందుకొచ్చింది, తగ్గుతూ తగ్గుతూ పోయింది. తివాచీ మీదే మోకాళ్లు వంచింది. ఉంది. లేచింది. లేదు.

డారిల్ తీగమీద అరచేయి వేసి మోత ఆపాడు.

తర్వాత కోరిన్ గుసగుసగా, "గిటారు ఇలా ఇయ్యి," అంది. "నువ్వెళ్లి తలుపు దగ్గర నిలబడు."

ఆమెకి బేస్ రాదు. కానీ ఒక తీగ మీటడానికి ఏం రావాలి? డారిల్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె మీటింది.

గోడ లోపలనుంచి గుర్రుమని మూలుగు లేచింది. అతని పళ్లు అదిరాయి, వెనక గడియ టకటకమంది. అది పాట కాదు, స్వరం కూడా కాదు. నడవాలో జనం చెప్పుకునే దెయ్యం అదే. దాన్ని మూడు నెలలుగా రోజురోజుకీ నాబ్ తిప్పి తిప్పి పెంచింది తనే.

"నువ్వు విన్నది ఇదా?" అన్నాడు. "ఇన్నాళ్లూ?"

"ఇదే."

అందులో మంత్రం లేదు, నక్క లేదు. అన్ని వైపులా ఒకే కొలతున్న డబ్బా గదిలో ఆ ఒక్క స్వరం ఎదురుగోడని కొట్టి తిరిగొచ్చి, నడిమధ్యలో తనని తానే రద్దు చేసుకుంటుంది. తాడుకి రెండు వైపులా ఇద్దరు సమానంగా లాగితే మధ్యలో ముడి కదలదు చూడండి, అంతే. గోడల దగ్గర, నేల దగ్గర మాత్రం రెట్టింపవుతుంది. బేస్ వాడు పెడల్ సర్దడానికి నేలకి వంగుతాడు, వాయించడానికి నిలబడతాడు. ఇక ఆ గది వాణ్ణి ఆడుకోక ఏం చేస్తుంది? ఎంతమంది ఇలా నాబ్‌లు తిప్పి తిప్పి పిచ్చెక్కి గిటారు అమ్ముకున్నారో. నా పెడళ్లని ఎన్ని తిట్లు తిట్టారో.

డారిల్ వచ్చి మూడు డబ్బాల నాబ్‌లూ వెనక్కి తిప్పాడు. స్పీకరుని మూలకి జరిపి, తను గోడవైపు జరిగి, పాట ఎత్తుకున్నాడు. కోరిన్ చరణం పాడింది. పల్లవికి తిరిగి రాకుండా మధ్యలో ఆగిపోయింది. అలా వాళ్లిద్దరూ ఒకరికొకరు సరిగ్గా వినిపించి మూడు నెలలైంది.

"శనివారానికి వీటిలో ఏది తెమ్మంటావు?" అని అడిగాడు డారిల్.

"ఏదో ఒకటి తే. వాటికేం రోగం?"

ఆమె కోటు గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడే కదా వచ్చావు, ఎక్కడికన్నాడు. ఆమె చేతి తొడుగులు వేసుకుంది, తలుపు దాకా వెళ్లింది, అతనివైపు చూడకుండా అంది:

"పది నిమిషాలుండు. కింద నా కారులో ఒకాయన బేస్ గిటారు పట్టుకుని కూర్చున్నాడు... ఇంటి దగ్గర దింపేసి వస్తా."

తలుపు మూసుకుంది. ఆ గదిలో తనకి నిజంగా ఒళ్లు జలదరించింది అప్పుడేనని చెప్పాడు డారిల్.